భారతి పత్రిక – తోటవాళ్ళు రాయని పుటలు

(సాహిత్య సదస్సులో చేసిన ప్రసంగ పాఠం)



ఒక సాహిత్య పత్రిక చరిత్ర, ప్రభావం గురించి మాట్లాడమని నిర్వాహకులు అడిగారు. ఏ పత్రిక అన్నది నా ఇష్టానికే వదిలారు. నేను భారతి మాసపత్రికను ఎంచుకున్నాను. ముందుగా ఒక మాట మనవి చేసుకోవాలి. నేను పండితుణ్ణి కాను. మలేషియాలో సెలంగోర్ రాష్ట్రం, కౌలా సెలంగోర్ జిల్లాలో బటాంగ్ బెర్జుంటై అనే ఊరు ఉంది. 2007లో ఆ ఊరి పేరు బెస్తారి జయ అని మార్చారు గానీ మా నోటికి ఇంకా పాత పేరే వస్తుంది. ఆ ఊరి పక్క తోటలో పుట్టినవాణ్ణి. చదివింది మొదట తమిళ బడిలో, ఆ తర్వాత మలయ్ మాధ్యమంలో. తెలుగు అక్షరాలు మా నాన్నగారు రాత్రిపూట పెద్ద బాలశిక్ష ముందు పెట్టి దిద్దించారు. భారతి సంచికను మొదటిసారి చేత్తో పట్టుకునేనాటికి నాకు నలభై దాటాయి. అప్పటికే ఆ పత్రిక ఆగిపోయింది. కాబట్టి భారతి గురించి నేను చెప్పేది లోపల కూర్చుని చూసినవాడి మాట కాదు, గుమ్మం బయట నిలబడి చూసినవాడి మాట. ఆ చూపుకు కూడా కొంత ఉపయోగం ఉంటుందని పెద్దలు మన్నించాలి.

భారతిని 1924 జనవరిలో, రుధిరోద్గారి సంవత్సరంలో, మద్రాసు నుంచి కాశీనాథుని నాగేశ్వరరావు పంతులుగారు ప్రారంభించారు. ఆయన 1867లో కృష్ణా జిల్లా ఎలకుర్రులో జన్మించారు. బొంబాయి వెళ్ళి 1893లో అమృతాంజనం తయారీ మొదలుపెట్టారు. ఆ తలనొప్పి మందు మీద వచ్చిన డబ్బును ఆయన పెట్టెలో దాచుకోలేదు. 1908లో బొంబాయి నుంచే ఆంధ్రపత్రిక వారపత్రికను తెచ్చారు. 1910 నుంచి ఉగాది సంచికలు వేశారు. 1914లో మద్రాసు చేరి ఆంధ్రపత్రికను దినపత్రిక చేశారు. 1926లో ఆంధ్ర గ్రంథమాల స్థాపించి మంచి పుస్తకాలను తక్కువ వెలకు అందించారు. కొమర్రాజు లక్ష్మణరావుగారు 1923లో కన్నుమూసినప్పుడు ఆయన తలపెట్టిన ఆంధ్ర విజ్ఞాన సర్వస్వం మధ్యలో ఆగిపోయింది. ఆ భారాన్ని కూడా పంతులుగారే భుజాన వేసుకున్నారు. జనం ఆయన్ని దేశోద్ధారకుడు అన్నది ఊరికే కాదు.

ఇక్కడున్న మనందరం ఒక సంగతి గమనించాలి. ఆంధ్రపత్రిక పుట్టింది తెలుగునాట కాదు, బొంబాయిలో. అంటే పొట్టకూటికి పరాయి ఊరు వెళ్ళిన తెలుగువాడు అక్కడి నుంచి తన భాష కోసం చేసిన పని అది. ప్రవాసం వల్ల భాష మరుగున పడుతుందని మనం బెంగపడుతుంటాం. కానీ సొంత ఊళ్ళో ఉన్నంతకాలం భాషను గాలిలాగా పీల్చుకుంటాం గనుక దాన్ని పట్టించుకోం. పొరుగూరు వెళితేనే దాని లోటు తెలుస్తుంది. పంతులుగారికి ఆ లోటు బొంబాయిలో తెలిసిందేమోనని నాకు అనిపిస్తుంది.

భారతి ఏం చేసింది? ఒక్క ముక్కలో చెప్పాలంటే, విడివిడిగా ఉన్నవాళ్ళను ఒక పందిరి కిందికి తెచ్చింది. అంతకు ముందు శాసనాలు చదివేవారు ఒక చోట, పద్యాలు రాసేవారు ఒక చోట, బొమ్మలు వేసేవారు మరో చోట. భారతి సంచిక తెరిస్తే రాయప్రోలు సుబ్బారావు, దేవులపల్లి కృష్ణశాస్త్రి, విశ్వనాథ సత్యనారాయణ వంటి కవులు కనిపిస్తారు. వేటూరి ప్రభాకరశాస్త్రి, మల్లంపల్లి సోమశేఖరశర్మ, రాళ్ళపల్లి అనంతకృష్ణశర్మ వంటి పరిశోధకులు కనిపిస్తారు. చింతా దీక్షితులుగారి వంటి కథకులు కనిపిస్తారు. దామెర్ల రామారావు, అడివి బాపిరాజు వంటి చిత్రకారుల బొమ్మలను మంచి కాగితం మీద అచ్చు వేసేవారు. ఒక పల్లెటూరి బడిపంతులు నెలకొకసారి టపాలో వచ్చిన ఆ ఒక్క సంచికతో ఇంటి అరుగు మీద కూర్చుని ఇన్ని రంగాలనూ చూడగలిగాడు.

రెండో పని, వాదానికి చోటు ఇచ్చింది. ఒక కావ్యం ఎవరిది, ఒక కవి ఏ కాలం వాడు, ఒక శాసనంలోని మాటకు అర్థం ఏమిటి, ఇలాంటి విషయాల మీద ఒక నెల ఒకరు రాస్తే, మరో నెల మరొకరు ఖండించేవారు. ఆ తర్వాత మొదటివారి సమాధానం. ఇందులో ఘాటైన మాటలూ ఉండేవి. కానీ ఆధారం చూపించకుండా మాట చెల్లేది కాదు. ఈ అలవాటు ఒక జాతికి చాలా అవసరం. తెలుగు సాహిత్య చరిత్ర, ఆంధ్రదేశ చరిత్ర రాసిన తర్వాతి తరంవారు భారతి పాత సంచికలు తిరగెయ్యకుండా ముందుకు వెళ్ళలేకపోయారు.

మూడో పని, కొత్తవాడికి ముద్ర వేసింది. భారతిలో పేరు పడితే కవి అయినట్టే అని ఆ రోజుల్లో అనుకునేవారట. భావకవిత్వం వర్ధిల్లిన కాలంలో అది భావకవులకు వేదిక. తర్వాత గాలి మారింది. శ్రీశ్రీ వంటి కొత్త గొంతుకలకూ అందులో చోటు దొరికింది. గ్రాంథికంలో రాసిన వ్యాసం పక్కనే వాడుక భాషలో రాసిన కథ ఉండటం ఆ పుటల్లో చూడవచ్చు. ఒకే పక్షానికి కట్టుబడి ఉంటే అంత కాలం నిలిచేది కాదని నా అభిప్రాయం.

పంతులుగారు 1938లో స్వర్గస్థులయ్యారు. అల్లుడు శివలెంక శంభుప్రసాద్‌గారు పత్రికలను నడిపించారు. ఆయన 1972లో పోయిన తర్వాత ఆ కుటుంబంలోని తర్వాతి తరం చేతికి వచ్చాయి. 1991లో భారతి ఆగిపోయింది. 67 ఏళ్ళు నడిచిన పత్రిక. ఎందుకు ఆగిందన్న ప్రశ్నకు డబ్బు ఇబ్బంది ఒక జవాబు. మరో జవాబు కూడా ఉంది. వారపత్రికలు, సీరియల్ నవలలు పాఠకుణ్ణి తమవైపు తిప్పుకున్నాయి. పరిశోధన విశ్వవిద్యాలయాల గోడల లోపలికి వెళ్ళిపోయింది. అరుగు మీది బడిపంతులుకూ ఆచార్యుడికీ ఒకే పత్రిక అనే కాలం పోయింది. అన్నిటికంటే ముఖ్యంగా, ఒక దాత జేబు మీద నిలబడినదాన్ని జనం జేబుల మీదికి మార్చే పని సకాలంలో జరగలేదు. ఈ మాట మన సంఘాలు కూడా గుర్తుపెట్టుకోవలసినది.

మిత్రులారా, ఇప్పుడు మా ఊరి సంగతికి వస్తాను.

భారతి పుట్టిన 1924లోనే కౌలాలంపూర్‌లో తమిళ నేసన్ పత్రిక పుట్టింది. అది 2019 దాకా నడిచింది. 1935లో సింగపూర్‌లో తమిళ మురసు వచ్చింది. మా తోటల్లో పక్క లైన్ ఇంట్లో ఉన్న తమిళ కూలీకి, అతనికి చదువు రాకపోయినా, చదివి వినిపించేవాడు ఒకడు దొరికితే చాలు, తన భాషలో పత్రిక ఉండేది. ఆ పత్రికల్లో తోటల గురించి కథలు వచ్చాయి. ఆ కథలు రాసినవాళ్ళలో తోటల్లో పెరిగినవాళ్ళు ఉన్నారు. మలేషియా తమిళ సాహిత్యం అని ఈనాడు గర్వంగా చెప్పుకునేది అలా మొదలైంది. అదే రబ్బరు చెట్టుకు అటువైపు గాటు పెట్టిన తెలుగు కూలీకి అలాంటి పత్రిక లేదు.

మరో విచిత్రం చెబుతాను. బటాంగ్ బెర్జుంటై దగ్గర తెన్నమరం అనే తోట ఉంది. మలయాలో వ్యాపారం కోసం పామాయిల్ చెట్లను మొట్టమొదట వేసింది అక్కడే, 1917లో. వేయించినవాడు హెన్రీ ఫోకొన్నియే అనే ఫ్రెంచి దొర. ఆయన రచయిత కూడా. మలయా జీవితం మీద 'మలేజీ' అని ఒక నవల రాస్తే 1930లో ఫ్రాన్సులో ఎంతో గౌరవంగా చూసే గొన్‌కూర్ బహుమతి వచ్చింది. అంటే మా ఊరి మట్టి మీద నడిచిన దొర ఆ మట్టి గురించి ఫ్రెంచిలో రాస్తే ప్రపంచం చదివింది. ఆ మట్టిని తవ్వినవాడు ఏం అనుకున్నాడో ఏ భాషలోనూ అచ్చు కాలేదు. దొరను నేను తప్పు పట్టడం లేదు. ఆయన తన పని చేశాడు. మన పని ఎవరు చేయాలి అన్నదే నా ప్రశ్న.

మా తాతగారు ఆనాటి విశాఖపట్నం జిల్లా ఉత్తర భాగం నుంచి, ఈనాటి శ్రీకాకుళం వైపు నుంచి, కంగాణి వెంట ఓడ ఎక్కారు. 1938లో భారత ప్రభుత్వం ఇలా కూలీలను పంపడం ఆపేసింది. ఆయన అంతకు ముందే వచ్చారు. ఆయన వెనకే మా నాయనమ్మ వచ్చింది. నాయనమ్మ దగ్గర ఒక రేకు ట్రంకుపెట్టె ఉండేది. అందులో ఊరి నుంచి వచ్చిన ఉత్తరాలు. ఆమెకు చదువు రాదు. ఊళ్ళో ఎవరో రాసిపెట్టేవారు, ఇక్కడ ఎవరో చదివిపెట్టేవారు. కానీ ఏ ఉత్తరంలో ఏముందో ఆమెకు కాగితం మడత చూసి తెలిసేది. "ఇది మా అన్న కూతురి పెళ్ళిది, ఇది గాలివానకి ఇల్లు పడిపోయినప్పుడుది" అని చెప్పేది. తర్వాత మేము లైన్ ఇల్లు వదిలి టౌనుకు మారాం. ఆ మారడంలో పెట్టె ఒక మూల పడిపోయింది. తెరిచి చూసేసరికి చెదపురుగు తినేసింది. అప్పటికి నాయనమ్మ లేదు. మా నాన్నగారు ఆ మట్టిని పెరట్లో అరటిచెట్టు మొదట్లో పోశారు. ఆయన ఏమీ అనలేదు. నేనూ ఏమీ అనలేదు. ఆ రోజు నాకు అది చెత్త మాత్రమే. అది మా ఇంటి భారతి అని తెలియడానికి నాకు ఇంకో ఇరవై ఏళ్ళు పట్టింది.

ఇలాంటి పెట్టెలు ఒక్క మా ఇంట్లోనే ఉండి ఉంటాయా? తోటలు అమ్ముడుపోయి, ముక్కలై, ఇళ్ళ స్థలాలుగా మారినప్పుడు మావాళ్ళు చెట్టుకొకరు పుట్టకొకరు అయ్యారు. గుడి కదిలింది, బడి మూతపడింది. నాట్లు వేసేటప్పుడు పాడే పాటను రబ్బరు పాలు మోసేటప్పుడు పాడుకున్న ఆడవాళ్ళు ఒక్కొక్కరే వెళ్ళిపోయారు. జపానువాళ్ళ కాలంలో, 1942 నుంచి 1945 దాకా, సయాం రైలుదారి పనికి పట్టుకుపోయినవాళ్ళలో తిరిగొచ్చినవారు రాత్రుళ్ళు చెప్పిన కథలు పోయాయి.

మావాళ్ళు చేతులు ముడుచుకు కూర్చున్నారని నేను అనను. 1955లో మలయా ఆంధ్ర సంఘం ఏర్పడింది. అదే ఈనాటి మలేషియా తెలుగు సంఘం. 1981లో రెండవ ప్రపంచ తెలుగు మహాసభలు కౌలాలంపూర్‌లో జరిగాయి. ఉగాది చేస్తున్నాం, తెలుగు తరగతులు నడుపుతున్నాం. కానీ పండుగ ఒక రోజుతో అయిపోతుంది. అచ్చయిన పుట మిగులుతుంది.

ఇక్కడ నాకు హైదరాబాదు ఉదాహరణ ఒకటి గుర్తుకు వస్తుంది. నిజాం రాజ్యంలో తెలుగుకు ఆదరణ తక్కువగా ఉన్న కాలంలో, 1926లో, సురవరం ప్రతాపరెడ్డిగారు గోలకొండ పత్రిక పెట్టారు. తెలంగాణలో కవులే లేరు అని ఎవరో అన్నారు. ప్రతాపరెడ్డిగారు దానికి పనితో జవాబు ఇచ్చారు. ఊరూరి నుంచీ పద్యాలు తెప్పించి 1934లో గోలకొండ కవుల సంచిక వేశారు. అందులో 354 మంది కవులు. అంతే, ఆ మాట అన్నవారికి మరి మాట్లాడటానికి లేకపోయింది. లేరు అన్నవాడితో తగాదా పెట్టుకోవడం కంటే ఉన్నవాళ్ళను ఒకచోట కూర్చోబెట్టడం మేలైన పని. తోటవాళ్ళకు సాహిత్యం లేదు అనేవాళ్ళు ఈనాటికీ ఉన్నారు. వాళ్ళలో మనవాళ్ళూ ఉన్నారు.

భారతి అంటే నాకు ఎంత గౌరవమో ఇంతసేపూ చెప్పాను. లోటు కూడా చెప్పాలి. నేను చూసిన సంచికల్లో మా తాతలాంటివాడు ఎక్కడా కనిపించలేదు. తూర్పు తీరం నుంచి రంగూనుకూ, మలయాకూ ఓడలకు ఓడలుగా జనం పోతున్న కాలం అది. అదే తీరంలో మద్రాసులో కూర్చుని ఆ పత్రిక వెయ్యేళ్ళ కిందటి శాసనాన్ని శ్రద్ధగా చదివింది. రేవులో ఓడ ఎక్కుతున్నవాడి వేలిముద్రను మాత్రం అంతగా చదివినట్టు లేదు. ఇది నింద కాదు. చదువుకున్నవాళ్ళు చదువుకున్నవాళ్ళ కోసం నడిపిన పత్రికకు అది సహజం. అయితే భారతిని తలచుకుని చేతులు జోడించి ఊరుకుంటే సరిపోదు. భారతి విడిచిపెట్టిన పుటలు మనం రాసుకోవాలి.

ఈ పనికి ఇంకో పత్రిక దారి చూపుతుంది. 1928లో డాక్టర్ కె.ఎన్. కేసరిగారు మద్రాసులో గృహలక్ష్మి మాసపత్రిక పెట్టారు. ఆయన లోధ్ర అనే మందు అమ్మేవారు. అమృతాంజనం మీద భారతి, లోధ్ర మీద గృహలక్ష్మి! మన సాహిత్యం మందుసీసాల మీద బతికిందని నవ్వుకోవచ్చు. ఆ గృహలక్ష్మిలో కనుపర్తి వరలక్ష్మమ్మగారు శారద లేఖలు రాశారు. ఒక స్త్రీ స్నేహితురాలికి ఉత్తరం రాసినట్టుగా లోకం సంగతులన్నీ ముచ్చటించారు. ఉత్తరం కూడా సాహిత్యమే అని ఆమె నిరూపించారు. మా నాయనమ్మ పెట్టెలో ఉన్నవీ ఉత్తరాలే కదా!

అమెరికాలోని సోదరులు ఈ విషయంలో మాకంటే ముందున్నారు. 1970లోనే అట్లాంటా నుంచి పెమ్మరాజు వేణుగోపాలరావుగారు తెలుగు భాషా పత్రిక తెచ్చారు. వంగూరి ఫౌండేషన్‌వారు అమెరికా తెలుగు కథానిక సంకలనాలు వేస్తున్నారు. వారు చదువుకుని వెళ్ళినవారు, రాయగలిగినవారు. మావారు కూలికి వెళ్ళినవారు, చెప్పగలిగినవారు. తేడా అంతే. రాయగలిగినవాడు చెప్పగలిగినవాడి దగ్గర కూర్చోవాలి.

అందుచేత ఈ సభ ముందు మూడు చిన్న మనవులు పెడుతున్నాను.

మొదటిది. ప్రతి సంఘం ఈ సభకూ వచ్చే సభకూ మధ్య ఉన్న రెండేళ్ళలో తన ఊళ్ళోని డెబ్భై దాటిన పెద్దలతో కూర్చుని, వాళ్ళు చెప్పింది చెప్పినట్టు రికార్డు చేసి, రాయించాలి. భాష దిద్దవద్దు. మావాళ్ళ తెలుగులో తమిళం ఉంటుంది, మలయ్ ఉంటుంది, శ్రీకాకుళం యాస ఉంటుంది. అది కలగాపులగం కాదు, అది మా చరిత్ర. 'దిద్దిన' కాగితంలో నాయనమ్మ గొంతు వినపడదు.

రెండోది లిపి సంగతి. మా పిల్లలు తెలుగు వింటే అర్థం చేసుకుంటారు, చదవలేరు. కాబట్టి మలయ్ వాడే రోమను అక్షరాల్లోనే తెలుగు అచ్చు వేద్దాం అని కొందరంటారు. ఆ బాధ నాకు తెలుసు. నా పిల్లలే సాక్ష్యం. అయినా ఒప్పుకోలేను. ఆ పని చేస్తే ఒక తరానికి దగ్గరవుతాం, 1924 నుంచి అచ్చయినదంతటికీ దూరమవుతాం. ఎడమ పుటలో తెలుగు లిపి, కుడి పుటలో మలయ్ అనువాదం వేద్దాం. పిల్లవాడు కుడి పుట చదివి, తన ముత్తవ్వ పేరు ఎడమ పుటలో ఎక్కడుందో వెతుక్కోవాలి. ఒక్క పేరు గుర్తుపడితే నాలుగు అక్షరాలు వచ్చినట్టే.

మూడోది డబ్బు. దేశోద్ధారకుడు ఒకడు వస్తాడని ఎదురుచూడవద్దు. ఒక్కరి మీద ఆధారపడిన పత్రిక ఆ ఒక్కరితో పోతుంది. నెలనెలా వద్దు, ఏడాదికొకటి చాలు. ఇంటికొక ప్రతి, ఆ ప్రతికి తగిన వెల, అంతే. వంద ఇళ్ళు కలిస్తే సన్నని పుస్తకం వస్తుంది. సన్ననిదైనా చెద తినకముందే వస్తుంది.

ఆంధ్రప్రదేశ్ ప్రెస్ అకాడమీవారు భారతి పాత సంచికలను స్కాన్ చేయించి భద్రపరిచారు. దాని వల్లనే నాలాంటివాడు బటాంగ్ బెర్జుంటైలో కూర్చుని వాటిని చదవగలిగాడు. అచ్చయింది గనుక దాచగలిగారు. అచ్చు కానిదాన్ని ఎవరు దాచగలరు?

భారతికి 2024లో నూరేళ్ళు నిండాయి. ఈ సంచిక చేతిలో పట్టుకుని ఇంటికి వెళ్ళేటప్పుడు మీ అందరినీ ఒకటే కోరుతున్నాను. ఇంటికి వెళ్ళి అటక మీదికి ఒకసారి చూడండి. రేకు పెట్టె ఏదైనా ఉంటే కిందికి దింపి, తెరవండి. ఆ కాగితం మడత చూసి సంగతి చెప్పగలవారు ఇంట్లో ఇంకా ఉంటే, ఆ సాయంత్రమే వారి పక్కన కూర్చోండి. మా ఇంట్లో నేను ఆలస్యం చేశాను. మీరు చేయవద్దు.

నా మాటల్లో తప్పులుంటే పెద్దలు దిద్దండి.